ఎడమపక్క చదువు

డెయానిరా ఒగాందో నలభై నాలుగో ఏట మళ్ళీ పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుంది. శాన్ హువాన్‌లో ఆమెను ఎరగనివాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళుగా ఫిజియోథెరపిస్టు. మా ఊళ్ళో సగం మోకాళ్ళు, ముప్పాతిక నడుములు ఆమె చేతుల మీదుగా దారికొచ్చినవే. అటువంటి మనిషి, ఉద్యోగం మానకుండా, వారం విడిచి వారం శనివారం రాజధానికి వెళ్ళి, మెదడు దెబ్బతిన్నవాళ్ళను మళ్ళీ నలుగురిలో కలిపే పైచదువు చదువుతానంటే ఊరు నోరు మూసుకుంటుందా?

"ఏం డాక్టరమ్మా, పరీక్షకి చీటీలు పెట్టుకున్నావా?" అనేవాడు బస్సు డ్రైవరు.

"నేను డాక్టర్ని కాదయ్యా బాబూ."

"కాకుండానే ఇంత చదువుతున్నావు. అయ్యుంటే మమ్మల్ని బతకనిచ్చేదానివా?"

ఇంట్లో తల్లి దోన్యా ఫిదెలీనా ఇంకో రకం (మా దగ్గర పెద్దవాళ్ళ పేరుకు ముందు ఆడవాళ్ళకు దోన్యా, మగవాళ్ళకు డాన్ అనడం మర్యాద). డెబ్బై ఆరేళ్ళు, సువార్త చర్చిలో ముందు వరుస భక్తురాలు. "జుట్టు నెరిసిపోతుంటే హోంవర్కు చేస్తున్నావు. చర్చిలో నా ముఖం చూసి నవ్వుతున్నారే" అని సణుగుతూనే, శనివారాలు అందరికన్నా ముందు లేచి ఉడికించిన అరటికాయ ముద్ద, వేయించిన జున్ను డబ్బాలో సర్దేది. తిట్టడం, డబ్బా కట్టడం ఒకేసారి జరిగిపోయేవి.

తరగతిలో ఇరవైమంది, అందరూ ఉద్యోగస్తులే. నర్సులు, మాట పోయినవాళ్ళకు మాట నేర్పేవాళ్ళు, ఇద్దరు మనస్తత్వవేత్తలు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూనే కునికిపాట్లు పడేవారు. అర్జెంటీనా నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఇర్మా ఎవర్నీ తిట్టేది కాదు. నిద్రపోతున్నవాళ్ళ పక్కన నిలబడి ఇంకాస్త నెమ్మదిగా పాఠం చెప్పేది.

ఈ చదువు ఎందుకు మొదలెట్టిందో డెయానిరా ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకో ఊళ్ళో, కాన్పయిన మూడోరోజు పక్షవాతం వచ్చిన అమ్మాయి ఒకతి ఆమె చేతికి వచ్చింది. పేరు లీడియా, ఇరవై రెండేళ్ళు. బిడ్డను ఎడమపక్కన పడుకోబెడితే అటు చూసేదే కాదు. బిడ్డ ఏడిస్తే కుడివైపు గోడకేసి వెతికేది. కన్నబిడ్డ మీద ప్రేమలేని రాయి అంది అత్తగారు. డెయానిరా కూడా, దేవుడు క్షమించాలి, "కాస్త మనసు పెట్టమ్మా, నీ బిడ్డే కదా" అని మందలించింది. చివరికి బిడ్డను బంధువులు తీసుకుపోయారు.

చాలా ఏళ్ళకు మా ఊరి ఆసుపత్రికి ఒక డాక్టరు వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. మెదడు కుడిభాగం దెబ్బతింటే కొందరికి ఎడమపక్క అనేదే లేకుండా పోతుందన్నాడు. కళ్ళు బాగానే ఉంటాయి, మనసు అటు పోదు. పోవట్లేదని వాళ్ళకే తెలియదు. డెయానిరా ఆ మాట విని స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాతి వారమే కోర్సులో పేరు రాయించుకుంది.

అందుకే డాన్ ఎలీహియో ఆమె దగ్గరకు వచ్చిన రోజున ఆమెకు గుండె ఆగినంత పనయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళు ఊరికి రొట్టెలు కాల్చినవాడు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి, ఎడమకాలు కొంత కోలుకున్నాయి, కర్రతో నడుస్తాడు. కానీ గడ్డం కుడివైపే నున్నగా గీసి ఉంది. ఎడమ చెప్పు లేదు.

"ఎడమకాలి చెప్పు ఏది, డాన్ ఎలీహియో?"

"వేసుకునే వచ్చాగా."

భార్య దోన్యా నెరేయిదా తల పట్టుకుంది. "అన్నంలో మాంసం పెట్టలేదని రోజూ గోలే తల్లీ. కంచంలో ఎడమపక్కన ఉంటుంది, చూడడు. ఇప్పుడు సగం తిన్నాక నేనే కంచం తిప్పుతున్నా. తిప్పగానే 'ఇప్పుడొచ్చింది చూడు' అంటాడు, నేనేదో దాచిపెట్టి తెచ్చినట్టు."

డెయానిరా నవ్వింది గాని, ఆ రాత్రి నోటుపుస్తకంలో ఆయన పేరు మొదటి పేజీలో రాసుకుంది. చదువు చివర ఒక రోగిని ఆర్నెల్లు గమనించి నివేదిక ఇవ్వాలి. ఈయనే తన రోగి అనుకుంది.

డాన్ ఎలీహియోకు కావలసింది ఒక్కటే. వీధి దాటడం. ఆయన ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల కిరాణా కొట్టు. కొట్టు ముందు డామినో బల్ల; ఎదురెదురువాళ్ళు జతగా, చుక్కల బిళ్ళలను అంకె కలిసేలా గొలుసుగా పేరుస్తూ, కలిసే బిళ్ళ లేకపోతే బల్ల మీద కొట్టి పాస్ అంటూ ఆడే ఆట. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర ఆయనకో కుర్చీ ఉంది. జబ్బు తర్వాత భార్య చెయ్యి పట్టుకుని దాటించి, కుర్చీలో కూర్చోబెట్టి, మళ్ళీ వచ్చి తీసుకుపోతోంది. "బడికి పంపినట్టు పంపుతోంది నన్ను" అనేవాడు ముఖం మాడ్చుకుని. ఆ రోడ్డు మీద అద్దె మోటార్‌సైకిళ్ళు ఎడమనుంచి బాణాల్లా వస్తాయి. ఆయన ఒక్కడే దాటగలడని డెయానిరా కాయితం మీద సంతకం పెట్టి ఇస్తే తప్ప ఒంటరిగా గేటు దాటనివ్వనని నెరేయిదా తేల్చిచెప్పింది.

నాలుగు నెలల్లో ఆసుపత్రి గదిలో ఆయన బాగా మెరుగయ్యాడు. కాయితం నిండా ఉన్న గీతలన్నిటినీ కొట్టేసే పరీక్షలో ఎడమ చివరివి కూడా వదలకుండా కొట్టేస్తున్నాడు. డెయానిరా మురిసిపోయింది. సంతకానికి ముందు నివేదిక కోసమని ఒక మధ్యాహ్నం వెళ్ళి డామినో ఆటను ఫోనులో వీడియో తీసింది. ఆయన జత కుందో ఎదుటి కుర్చీలో ఉన్నాడు. ఎలీహియో పెద్దకొడుకు జ్ఞానస్నానానికి తోడు నిలిచినవాడు, అందుకే ఒకరినొకరు కొంపాయ్ అని పిలుచుకుంటారు. ఎడమపక్కన మంగలి మోన్చో, కుడిపక్కన కొట్టు యజమాని.

"మా కొంపాయ్‌కి ఏం తక్కువమ్మా? రోజూ వీళ్ళిద్దర్నీ చితక్కొడుతున్నాడు!" అన్నాడు కుందో.

నిజంగానే ఆయన గెలిచాడు. డెయానిరా చప్పట్లు కొట్టింది. ఆమెకు డామినో ఆట రాదు. సువార్త చర్చి ఇళ్ళలో డామినో అంటే సారాతో సమానం. చిన్నప్పుడు ఆ బల్లలున్న వీధిలో తల్లి ఆమె చెయ్యి పట్టుకుని పరుగెత్తించేది. అందుకే కళ్ళముందు జరిగిన మోసం ఆమెకు కనపడలేదు.

మరుసటి శనివారం తరగతిలో తెరమీద వీడియో వేసింది. ప్రొఫెసర్ ఇర్మా ముచ్చటపడింది. "చూశారా, మనిషికి ఇష్టమైన పనిలో పెడితే మెదడు ఎలా దారి వెతుక్కుంటుందో!"

వెనక వరుసలో బరహోనా ఊరి నర్సు యుబెల్కిస్ లేచి నిలబడింది. అప్పటిదాకా నిద్రపోతోంది.

"ప్రొఫెసర్, ఇది ఆట కాదు. ఆపండి, వెనక్కి తిప్పండి. ఆ గొలుసు చూడండి. బిళ్ళల వరస రెండు కొసలూ ఆయన కుడిచేతి వైపుకే వంచేశారు. ఏ బల్ల మీదైనా అలా పేరుస్తారా ఎవరన్నా?"

"ఆ ఎడమపక్కాయన్ని చూడు, మోచేత్తో ఈయన బిళ్ళల్ని కుడికి నెడుతున్నాడు!" అన్నారు ఇంకెవరో.

"చివర్లో బిళ్ళలు తిరగేశారు చూడండి. ఒకాయన వెయ్యాల్సిన ఐదు చుక్కల బిళ్ళ చేతిలో పెట్టుకుని, లేదన్నట్టు బల్ల మీద కొట్టి పాస్ అన్నాడు! మా ఊళ్ళో ఆ పని చేస్తే కుర్చీ వీపు మీద విరుగుద్ది." యుబెల్కిస్ చేతులు నడుం మీద పెట్టుకుంది. "అన్నిటికన్నా పెద్దది చెప్పనా? ఒక్కడు కూడా ఆయన్ని ఎగతాళి చెయ్యట్లేదు. డామినో బల్ల దగ్గర ఎగతాళి లేకపోవడమేంటి? ఇది చావింటి పరామర్శలా ఉంది."

తరగతంతా గొల్లున నవ్వింది. డెయానిరా నవ్వలేదు. సోమవారం ఇవ్వాల్సిన కాయితం, సంతకంతో సహా, ఆమె సంచిలోనే ఉంది. ఆయన ఆ కాయితం పట్టుకుని రోడ్డు మీదికి అడుగుపెట్టడం కళ్ళకు కట్టింది. తిరుగు బస్సులో కాయితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

ఊరు చేరి నేరుగా కుందో దగ్గరకు వెళ్ళి అడిగింది. అతను కాసేపు బుకాయించాడు. తర్వాత కళ్ళు దించుకున్నాడు.

"ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజు కొంపాయ్ ఏడు ఆటలు ఓడాడమ్మా. చేతిలో బిళ్ళలుండి కూడా పాస్, పాస్ అంటూ కొట్టాడు. మా వెధవలకి ఏం చెయ్యాలో తోచలేదు. మర్నాడు మోన్చో చెయ్యి తగిలినట్టు బిళ్ళలు కుడికి జరిపాడు. కొంపాయ్ గెలిచాడు. ఎట్టా నవ్వాడో తెలుసా? ఇక ఆపలేకపోయాం. ఏం చెయ్యమంటావు, ఓడించమంటావా?"

"ఓడించమంటాను."

"నువ్వు కఠినాత్మురాలివమ్మా."

"మీరు ప్రేమకొద్దీ ఆయన్ని రోజూ కుడివైపుకే కట్టేస్తున్నారు డాన్ కుందో. నేను నాలుగు నెలలుగా ఎడమకి లాగుతున్నా. రోజుకి అరగంట నాది, నాలుగు గంటలు మీది. ఎవరు గెలుస్తారు?"

కుందో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం డెయానిరా ఒక డామినో పెట్టె కొనుక్కుని ఇంటికెళ్ళింది. తల్లి నిద్రపోయిందనుకుని వంటింటి బల్ల మీద బిళ్ళలు పరిచి, తన చేతితో తనే ఆడటం మొదలెట్టింది. వెనక నుంచి గొంతు వినపడింది.

"ఆ డబుల్ ఆరుని ఎందుకే గుడ్లు పొదిగినట్టు పొదుగుతున్నావు? ముందే వదిలించుకో."

డెయానిరా తిరిగి చూసింది. దోన్యా ఫిదెలీనా గుమ్మంలో నిలబడి ఉంది, రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకునే టోపీతో.

"నీకెలా తెలుసమ్మా?"

"చర్చిలో చేరి రక్షణ పొందకముందు నాకూ ఒక వయసుండేది" అని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "పాస్టరుతో చెప్పావంటే నాలుక కోస్తా. కలుపు."

డామినో బల్ల దగ్గర గొలుసు తిన్నగా పరిచిన మొదటి రోజు డాన్ ఎలీహియో నాలుగు ఆటలు ఓడాడు. రెండో రోజు ఐదు. మూడో రోజు బిళ్ళలు విసిరికొట్టాడు.

"మీరంతా ఏకమయ్యార్రా నా మీద!"

కుందో పాపం, ఓర్చుకోలేకపోయాడు. "ఏకమయ్యాం కొంపాయ్! నాలుగు నెలలుగా ఏకమై ఉన్నాం, నిన్ను గెలిపించడానికి. ఇవాళ కాదు, అప్పుడు చేశాం మోసం."

డాన్ ఎలీహియో లేచాడు. కర్ర కూడా తీసుకోకుండా రోడ్డు అంచున నిలబడి భార్యను కేకేశాడు. ఆ రోజు నుంచి పదకొండు రోజులు ఇల్లు కదల్లేదు. ఆసుపత్రికీ రాలేదు.

పన్నెండో రోజు డెయానిరా డామినో పెట్టెతో గేటు దగ్గర నిలబడింది. దోన్యా నెరేయిదా ఒంటికాలి మీద లేచింది.

"మంచం దిగట్లేదు. గడ్డం సగం కూడా గీసుకోవట్లేదు. నవ్వుకుంటూ తిరిగే మనిషిని ఇట్టా చేశావు. ఇదేనా తల్లీ నువ్వు రాజధాని వెళ్ళి చదివిన చదువు?"

ఆ పదకొండు రోజులూ డెయానిరా తనను తాను అదే అడుగుతోంది. లీడియా విషయంలో తెలియక తప్పు చేసింది, ఇప్పుడు తెలిసి చేసిందేమో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగింది.

"ఎవరే?" అని లోపల్నుంచి అరుపు వినిపించింది. "ఆ డాక్టరమ్మేనా? లోపలికి పంపు, నాలుగు తిట్టాలి."

ఆయన మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. తిడతానన్నవాడు తిట్టలేదు.

"ఒక్కటి చెప్పమ్మాయ్. ఈ నాలుగు నెలల్లో ఒక్క ఆటైనా నేను నిజంగా గెలిచానా?"

"తెలీదు డాన్ ఎలీహియో. వీడియో చూసినప్పుడు కూడా నాకు తెలీలేదు. నాకు ఆటే రాదు."

"ఏంటీ?"

"మా అమ్మ దగ్గర రెండు వారాల నుంచి నేర్చుకుంటున్నా. రోజూ ఓడిపోతున్నా."

ఆయన ఆమెను కింద నుంచి పైదాకా చూశాడు. పొట్ట కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. "ఆట రానిదానివా నా ఆటకి సర్టిఫికెట్ ఇవ్వబోయింది! నెరేయిదా, విన్నావా? ఈ పిల్లకి ఆట రాదంట!" నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "బల్ల ఇట్టా లాగు. ముందు నీకు నేర్పాలి, లేకపోతే ఊరి పరువు పోద్ది."

అలా మొదలైంది. ఆమె ఒక్క షరతు పెట్టింది. ఎడమచెయ్యి ఎత్తి బల్ల ఎడమ అంచు మీద పెట్టాలి. తన వంతు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి కనపడేదాకా కళ్ళు నడిపించాలి. కనపడకపోతే బిళ్ళ ముట్టకూడదు. మొదట్లో ఆ చెయ్యి దొరకడానికే ఆయనకు చచ్చేంత సమయం పట్టేది. "ఎక్కడ చచ్చింది ఇది?" అని తన చేతినే తిట్టుకునేవాడు. డెయానిరా నోరు విప్పేది కాదు. సాయం చెయ్యకుండా ఊరకే కూర్చోవడం ఎంత కష్టమో ఆ బల్ల దగ్గరే తెలిసింది ఆమెకు. దోన్యా నెరేయిదా కంచం తిప్పడం మానేసింది. మానేసిన మొదటిరోజు వంటింట్లోకి పోయి వంటగుడ్డతో కళ్ళు తుడుచుకుంది. నాలుగో రోజున మాంసం ముక్క ఆయనంతట ఆయనకే దొరికింది.

మూడు వారాలకు ఆయన కొట్టు దగ్గరకు తిరిగి వెళ్ళాడు. మోన్చో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గొలుసు ఎడమకూ కుడికీ ఎటు పోవాలో అటు పోయింది. ఆయన ఓడాడు. మళ్ళీ ఓడాడు. మూడో ఆటలో ఆయన చెయ్యి కోసం వెతుకుతూ వెతుకుతూ ఉంటే మోన్చో ఆగలేక అన్నాడు: "త్వరగా కానివ్వవయ్యా, ఈలోగా నా గడ్డం పెరుగుతోంది."

కుందో బిక్కచచ్చిపోయి చూశాడు. డాన్ ఎలీహియో తల ఎడమకు తిప్పాడు. మోన్చో ముఖం పూర్తిగా కనపడేదాకా తిప్పాడు.

"మంగలివాడివేగా, గీసుకో" అన్నాడు.

కొట్టంతా పగలబడి నవ్వింది. ఎగతాళి మళ్ళీ బల్ల దగ్గరకు వచ్చినందుకు అందరికన్నా ఎక్కువ నవ్వింది ఎగతాళికి గురైన డాన్ ఎలీహియోనే.

డెయానిరా నివేదిక రాసింది. మొదటి పేజీలో తను చేసిన తప్పు రాసింది, దాన్ని ఎవరు కనిపెట్టారో పేరుతో సహా. యుబెల్కిస్ అది చదివి, "నా పేరు స్పెల్లింగు తప్పు" అంది గాని, ఆ కాయితాన్ని ఫోటో తీసుకుంది.

నవంబరులో రోడ్డు మీద అభ్యాసం మొదలెట్టారు. మొదట ఆదివారం పొద్దున, వాహనాలు లేనప్పుడు. తర్వాత మామూలు రోజుల్లో, ఆమె చెయ్యి పట్టుకుని. ఇరవైసార్లు దాటారు, ముప్పైసార్లు దాటారు. ప్రతిసారీ ఆయన తల, గడ్డం భుజానికి తగిలేదాకా, ఎడమకు తిరిగింది. ఒక గురువారం సాయంత్రం ఆమె, "ఇవాళ మీరొక్కరే" అంది.

దోన్యా నెరేయిదా గేటు లోపల నిలబడింది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. అవతల కుందో కుర్చీలోంచి సగం లేచి, మోన్చో కసురుకుంటే మళ్ళీ కూర్చున్నాడు. డెయానిరా ఆయనకు ఎడమపక్కన నిలబడింది. మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు. ఈ రెండూ ఊళ్ళో అందరికీ తనే నేర్పింది.

ఒక మోటార్‌సైకిలు వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చి వెళ్ళింది. రోడ్డు ఖాళీ అయింది. డాన్ ఎలీహియో అడుగు వెయ్యలేదు. భయపడ్డాడేమో, ఇంకో నెల ఆగాల్సిందేమో అనుకుంది డెయానిరా. ఆయన తల నెమ్మదిగా ఎడమకు తిరిగింది. చూపు రోడ్డు చివరిదాకా వెళ్ళింది. అక్కడినుంచి దగ్గరకు వచ్చి, ఆమె ముఖం మీద ఆగి, ఇంకా కిందికి దిగి తన నడుం దగ్గర ఆగింది.

"అమ్మాయ్" అన్నాడు. "చొక్కా వదులు."

డెయానిరా కిందికి చూసుకుంది. ఆయన చొక్కా ఎడమ అంచు తన పిడికిట్లో ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. వేళ్ళు ఒకటొకటిగా విప్పాల్సి వచ్చింది.

ఆయన చొక్కా సర్దుకుని, ఇంకోసారి ఎడమకు చూసి, రోడ్డు దాటాడు.